పాటగాడు గద్దర్



ఇవాళ మీతో వంటల సంగతీ, పిల్లల చదువుల సంగతీ కాకుండా, ఒక పాటగాడి గురించి మాట్లాడదామని వచ్చాను. పేరు చెప్పగానే కొందరు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. గద్దర్! "ఆయన సంగతి మనకెందుకమ్మా, అవన్నీ మగవాళ్ల రాజకీయాలు" అని మా పక్కింటి వదినగారు అననే అన్నారు. కానీ ఒక్క మాట చెప్పండి. ఆయన పాటల్లో ఎన్నింటికో మూలం మన అమ్మమ్మలు నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, ఇసుర్రాయి తిప్పుతూ పాడుకున్న వరుసలే. మన ఇంటి సొత్తు పట్టుకుపోయి ఊరూరా పంచిన మనిషి కథ మనం వినవద్దూ?

నన్ను ఈ విషయం మీదికి మళ్లించినవాడు మా అక్క కొడుకు. హైదరాబాదులో చదువుకుంటున్నాడు. మొన్న దసరాకు కరీంనగర్ వచ్చినప్పుడు వాడి చొక్కా మీద జడలు కట్టిన జుట్టుతో ఒక మనిషి బొమ్మ ఉంది. "ఎవర్రా ఈయన, ఏ ఆశ్రమం స్వామి?" అన్నాను. వాడు పడీ పడీ నవ్వి, "స్వామి కాదు చిన్నమ్మా, బాబ్ మార్లీ. రెగే పాటలు పాడేటాయన. వాళ్ల దేశానికి మన గద్దర్ లెక్క" అన్నాడు. ఫోనులో రెండు పాటలు వినిపించాడు కూడా. మాటలు నాకు సగమే తెలిశాయి గాని, ఆ దరువు మాత్రం చెవిలో ఉండిపోయింది. తర్వాత ఆయన గురించి దొరికినదల్లా చదివాను, చదివించుకుని విన్నాను.

జమైకా ఒక చిన్న ద్వీపం. చెరుకు తోటల్లో చాకిరీ చేయించడానికి తెల్లవాళ్లు ఆఫ్రికా మనుషులను బానిసలుగా పట్టి తెచ్చిన చోటు. అక్కడ నైన్ మైల్ అనే పల్లెలో 1945 ఫిబ్రవరి 6న మార్లీ పుట్టాడు. తల్లి సెడెల్లాకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. తండ్రి వయసు మళ్లిన తెల్లాయన, ఇంటి పట్టున ఉన్నదే లేదు. పిల్లవాణ్ణి తీసుకుని తల్లి కింగ్‌స్టన్ పట్టణంలో ట్రెంచ్‌టౌన్ అనే పేదల వాడకు చేరింది. ఒక వాకిలి చుట్టూ నాలుగైదు కుటుంబాలు, అందరికీ కలిపి ఒక కొళాయి, ఒక పొయ్యి. మన పాత బస్తీల్లో అద్దె వాటాలు గుర్తుకొస్తున్నాయి కదూ! ఆ వాకిట్లో విన్సెంట్ ఫోర్డ్ అనే ఆయన వంటశాల నడిపేవాడు. చేతిలో పైసా లేని కుర్రాళ్లకు అక్కడ ఇంత తిండి దొరికేది. మక్కపిండితో కాచిన జావ, అచ్చంగా మన మక్క గట్కే అనుకోండి. మార్లీ కూడా అక్కడ తిన్నవాడే. తర్వాత కాలంలో, ఏడుస్తున్న ఆడమనిషిని ఓదారుస్తూ సాగే పాట ఒకటి 1975లో ఆయనకు లోకమంతటా పేరు తెచ్చింది. ఆ పాట రచయితగా కాగితాల మీద ఉన్నది విన్సెంట్ ఫోర్డ్ పేరు! దాని మీద వచ్చే రాబడితో ఆ పొయ్యి ఆరకుండా ఉండాలనే మార్లీ అలా చేశాడని చెబుతారు. నాకు మార్లీ మీద గౌరవం కలిగింది ఇక్కడే. బంగళాలు కొన్న పాటగాళ్లను చాలామందిని చూశాం గాని, తనకు అన్నం పెట్టిన పొయ్యికి పాట వ్రాసి ఇచ్చిన వాణ్ణి చూశామా?

రెగే అంటే ఏమిటని మీకు సందేహం రావచ్చు. నాకు అర్థమైనంత చెబుతాను. నాలుగు దెబ్బల తాళం అనుకోండి. మనకు అలవాటైన పాటల్లో మొదటి దెబ్బ గట్టిగా పడుతుంది. వీళ్లు తరచుగా మొదటి దెబ్బను ఖాళీగా వదిలేస్తారు, డోలు బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. మధ్యలో గిటారు తెగ్గొట్టినట్టు టక్ టక్‌మని పలుకుతుంది. వినేవాడు ఆ ఖాళీలోకి తనకు తెలియకుండానే అడుగు వేస్తాడు. నాట్లు వేసేటప్పుడు ఒకామె అందుకోగానే మిగతా వాళ్లు వంగి ఎత్తుకునే పాట విన్నారుగా, అందులోనూ ఒక్క క్షణం ఊపిరి తీసుకునే జాగా ఉంటుంది. వంగిన నడుముకు అదే విశ్రాంతి. సరే, ఇది నా ఊహ. పండితులు ఒప్పుకుంటారో లేదో! 2018లో ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో సంస్థ ఈ రెగేను మానవజాతి వారసత్వ సంపదల్లో ఒకటిగా చేర్చుకుంది.

ఇప్పుడు మన మనిషి దగ్గరకు వద్దాం.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో 1940ల చివర్లో, దళిత కుటుంబంలో పుట్టారు. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. ఇంజనీరింగు చదువులో చేరి మధ్యలో విడిచిపెట్టారు. చిత్రమేమిటంటే, తొలిరోజుల్లో ఆయన కుటుంబ నియంత్రణ లాంటి విషయాల మీద ఊళ్లల్లో బుర్రకథలు చెప్పేవారు! 1970 ప్రాంతాల్లో సినీ దర్శకుడు బి. నర్సింగరావుగారి పరిచయంతో దారి మళ్లింది. ఆడి పాడేది మనోరంజనానికే కాదు, మాట్లాడలేని వాడి తరఫున మాట్లాడడానికి అని తోచింది. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. పూర్వం, 1913లో, అమెరికాలో ఉన్న పంజాబీలు ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడడానికి గదర్ పార్టీ పెట్టుకున్నారు. ఉర్దూలో ఆ మాటకు తిరుగుబాటు అని అర్థం. ఆ పేరుతో పాటల సంపుటి వెలువడింది, చివరికి ఆ పేరే మనిషికి నిలిచిపోయింది. విఠల్‌రావు అంటే ఎవరికి తెలుసు?

గోచీ బిగించిన ధోవతి, భుజాన నల్ల గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆ రోజుల్లో నాటకమంటే పరదాలూ, హార్మోనియమూ, ముఖాలకు రంగులూ. ఈయన పశువులు కాసేవాడి వేషంతోనే వేదిక ఎక్కారు. 1979 నాటి 'మాభూమి' చిత్రంలో, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన పాటను పాడి, తెర మీద కూడా ఆయనే కనిపించారు. అది చూసినవాళ్లకు ఆ గొంతు మరిచిపోవడం కష్టం.

వేషం కంటే పెద్ద సంగతి భాష. నా చిన్నతనంలో మా బడిలో ఒక టీచరమ్మ ఉండేది. "అవ్వ అన్నది" అని నేను చెబితే, "అవ్వ కాదు, అమ్మ అనాలి" అని నలుగురి ముందు మూడుసార్లు అనిపించింది. ఇంటికి వచ్చి మా అవ్వను అమ్మా అని పిలిస్తే, "ఏమయిందే బిడ్డా, జరమొచ్చిందా?" అని నుదురు పట్టి చూసింది పాపం! సినిమాల్లోనైతే మన మాట పలికేది రౌడీలూ హాస్యగాళ్లూ. అటువంటి కాలంలో ఈయన ఇంట్లో మనం మాట్లాడుకునే మాటతో, లక్షమంది ముందర నిలబడి, నవ్వించకుండా ఏడిపించారు. మా బాపు దగ్గర ఆయన పాటల క్యాసెట్టు ఒకటి ఉండేది. మా అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో అడుగున దాచేది. వాడలో సోదాలు జరిగే రోజులు. బియ్యం కొలిచేటప్పుడల్లా చేతికి తగిలితే, ఇంకా ఉందిలే అని మళ్లీ లోపలికి తోసేది.

అమావాస్య నాడు ఆడపిల్లను కన్న తల్లి గోడు మీద ఆయన పాట ఒకటి ఉంది. అత్తింటివారు ముఖం తిప్పుకుంటే, పచ్చి బాలింత ఆ పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని ఎటూ తోచక తల్లడిల్లుతుంది. ఆ పాట వింటే గర్భంలో ఆడపిల్ల అని తెలిసి కడుపు తీయించుకు రమ్మని పంపిన అత్తగార్లు గుర్తుకు వస్తారు. పట్నాల్లో, చదువుకున్న ఇళ్లల్లోనే సుమా! లింగనిర్ధారణ పరీక్షలు తప్పని 1994లో చట్టం వచ్చింది. పాట అంతకంటే ముందు వచ్చింది.

ఆయన విప్లవం సంగతి పక్కన పెట్టినా, ఇంటి సంగతి పక్కన పెట్టలేం కదా. 1975లో విమలగారితో పెళ్లయింది. ఆ ఏడే కెనరా బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. బ్యాంకు ఉద్యోగమంటే ఆ రోజుల్లో ఏమిటో మీకు చెప్పాలా? నెల మొదటి తారీఖున జీతం, ఇంటికి అప్పు, పిల్ల పెళ్లికి భరోసా. 1984లో దానికి రాజీనామా ఇచ్చారు. మరుసటి ఏడు కారంచేడులో దళితులను చంపిన ఘోరాన్ని నిరసిస్తూ పాడుతూ తిరిగారు, పోలీసు దాడులు మొదలయ్యాయి, ఆయన అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు. ఇంట్లో భార్య, సూర్యుడు, చంద్రుడు, వెన్నెల అని పేర్లు పెట్టుకున్న పిల్లలు. 1990 దాకా మనిషి జాడ లేదు. అడవుల్లో, పక్క రాష్ట్రాల్లో పాటలు కట్టుకుంటూ, పాటగాళ్లను తయారు చేస్తూ తిరిగారు.

నేను ఎక్కువగా ఆలోచించేది ఆ అయిదేళ్ల గురించి. సభల్లో ఆయన గురించి గంటలు గంటలు మాట్లాడతారు. బడి ఫీజు కట్టే తేదీ నాడు ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ మాట్లాడరు. మొగుడు ఏడీ అని అడిగే ఇంటి ఓనరుకూ, పోలీసుకూ, చుట్టాలకూ ఒకే ముఖంతో జవాబు చెప్పడం ఎంత కష్టమో ఆడవాళ్లకు తెలుస్తుంది. ఆయన అన్నలా, కొడుకులా ఊరందరికీ కావలసినవాడయ్యాడు, నిజమే. ఆ ఊరందరి వాటా ఆమె ఇంట్లోంచే కదా తీసి ఇచ్చింది! మార్లీ భార్య రీటాది మరో రకం బతుకు. ఆమె పాడేది, ఆయన వెనుక పాడిన ముగ్గురు స్త్రీలలో ఒకరు. ఆయన ఇతర స్త్రీలతో బిడ్డలను కన్నాడు, ఆమె భరించింది. ఈ విషయంలో నేను మార్లీని మెచ్చుకోలేను, ఎంత గొప్ప పాట వ్రాసినా సరే.

1990 ఫిబ్రవరిలో చెన్నారెడ్డిగారి ప్రభుత్వం పట్టు సడలించినప్పుడు గద్దర్ బయటికి వచ్చారు. హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో సభ పెడితే జనం సముద్రంలా వచ్చారు. ఆ సడలింపు ఎన్నాళ్లో నిలవలేదు. ఎన్‌కౌంటర్లు మళ్లీ పెరిగాయి. ఆ రోజుల్లో ఆయన ఎత్తుకున్న పని ఒకటుంది. ఎన్‌కౌంటర్లో చనిపోయిన పిల్లల శవాలను తల్లిదండ్రులకు అప్పగించండని అడగడం. కొడుకు ముఖం ఒక్కసారి చూసుకుని మట్టి చేసుకుంటానని తల్లి అడిగితే, దానికి ఏ పార్టీ అని పేరు పెడతాం?

మార్లీ మీద 1976 డిసెంబరు 3న కింగ్‌స్టన్‌లో, సొంత ఇంట్లోనే కాల్పులు జరిగాయి. రెండు పార్టీల వాళ్లు వీధుల్లో చంపుకుంటున్న రోజులు అవి. ఆయన చేతికీ రొమ్ముకూ గాయాలు, రీటాకు తలకు. రెండు రోజులకే, 5వ తేదీన, ముందే ఒప్పుకున్న కచేరీకి ఆయన వచ్చి పాడాడు. ఆమె కూడా ఆ గాయంతోనే వేదిక మీద నిలిచింది. గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న, సికింద్రాబాదు పక్కన వెంకటాపురంలో, అదీ ఇంటి దగ్గరే. డాక్టర్లు తీయగలిగిన తూటాలు తీశారు. వెన్నుపూస దగ్గరి ఒక్కటి తీస్తే ప్రాణానికే ముప్పని వదిలేశారు. తరువాత ఇరవై ఆరేళ్లు ఆ తూటాతోనే గజ్జె కట్టి ఎగిరాడు ఆయన. కాల్చింది ఎవరన్నది కోర్టులో తేలనే లేదు.

ఇక మన ఉత్తరాది జిల్లాల మాట. ఈ పాట పుట్టింది గద్దర్ ఒక్కరితోనే కాదు. ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి దగ్గర లింగాపురం అనే ఊరుంది, ఇప్పుడది మంచిర్యాల జిల్లా. అక్కడ 1955లో పుట్టినవారు గూడ అంజయ్య. వృత్తికి ఫార్మసిస్టు. పగలు మందుల లెక్కలు, మిగిలిన పొద్దంతా పాట. 'ఊరు మనదిరా' అనే పాట ఆయనది. పదహారు భాషల్లోకి వెళ్లిందని చెబుతారు. గద్దర్ బృందాలు ఊరూరా పాడినందువల్ల చాలామంది అది గద్దర్ పాటే అనుకుంటారు. ఊరి పనులన్నీ చేసే చేతులు మనవి, ఊరు మాత్రం వేరొకరిది ఎట్లా అయిందని నిలదీస్తుంది ఆ పాట. అంజయ్యగారు 2016 జూన్ 21న, చాలాకాలం జబ్బు పడి, కన్నుమూశారు. గద్దర్‌కు వచ్చిన పేరులో పావు వంతు కూడా ఆయనకు రాలేదని నా అభిప్రాయం. గొంతు ఉన్నవాడిని జనం గుర్తు పెట్టుకుంటారు, కలం పట్టినవాడిని మరిచిపోతారు. అంజయ్యగారు ఆదిలాబాద్ బిడ్డ అని మన పిల్లలకైనా చెప్పండి.

ఆ ఆదిలాబాద్‌లోనే ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20న, భూముల కోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాల వాళ్ల లెక్క ఇంకా చాలా ఎక్కువ. దానికి మూడేళ్లకు ముందు, 1978లో, మా పక్కన జగిత్యాలలో పాలేర్లూ కౌలుదార్లూ వేలమంది ఊరేగింపు తీశారు. దొరల గడీల ముందు చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచే రోజులు. ఇవి తెలియకపోతే జననాట్యమండలి పాట కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అంత త్వరగా ఎందుకు అంటుకుందో అర్థం కాదు. వెట్టి చేసిన అవ్వలు ఉన్న ఊరికి, దాని మీద పాట వచ్చింది. అంతే.

అయితే ఒక్కటి మాత్రం దాచకుండా చెబుతాను. తుపాకి విషయంలో నాకు ఒప్పుదల లేదు. పాట విని అడవికి పోయిన పిల్లలు మా జిల్లాలో ఎందరో. తిరిగి వచ్చినవాళ్లు కొందరే. అదే వాడల్లో కూలి చేసి చదివించిన కొడుకు కానిస్టేబులై, మందుపాతరలో ముక్కలై తిరిగొచ్చిన ఇళ్లు కూడా ఉన్నాయి. రెండిళ్ల నడుమ నాలుగు గుమ్మాలే దూరం. రెండు ఇళ్లల్లోనూ గాజులు పగిలాయి. మొదటి ఇంటి తల్లికి పాట దొరికింది. రెండో ఇంటి తల్లికి అంత మంచి పాట ఎవరూ కట్టలేదని నాకు ఎప్పుడూ ఒక బాధ. ఈ ప్రశ్న గద్దర్‌నే అడగాలని ఉండేది.

ఆయన కూడా చివరి ఏళ్లల్లో మారారు. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగినప్పుడు వరవరరావు, కళ్యాణరావుగార్లతో పాటు రాయబారిగా ఉన్నారు. చర్చలు విఫలమయ్యాయి. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్నప్పుడు, 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' చిత్రంలో ఆయన పాట బతుకమ్మ ఆటల్లో కూడా వినిపించింది. జీవితమంతా ఎన్నికలు బూటకమన్న మనిషి, 2018లో మొదటిసారి వరుసలో నిలబడి ఓటు వేశారు. గుళ్లకు వెళ్లారు. పాత మిత్రులు ఎకసెక్కాలాడారు. నాకైతే అందులో నవ్వవలసింది కనిపించలేదు. డెబ్బై ఏళ్ల మనిషి తాను అన్నదాన్ని తానే మరొకసారి తూచి చూసుకుంటే తప్పేముంది?

2023 ఆగస్టు 6న హైదరాబాదులో, గుండె ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే, పోయారు. అల్వాల్‌లో ఆయన కుటుంబం నడిపే మహాబోధి విద్యాలయం ఆవరణలోనే, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు. ఒకనాడు ఆయన కోసం గాలించిన పోలీసులే తుపాకులు ఎత్తి వందనం చేశారు. అది తగదన్నవాళ్లూ ఉన్నారు. మార్లీ 1981 మే 11న, ముప్పై ఆరేళ్లకే, కాలి వేలిలో మొదలైన క్యాన్సరుతో పోతే, జమైకా ప్రభుత్వం కూడా అలాగే సాగనంపింది. ఆయన ఉన్నప్పుడు ఆ జడల జుట్టువాళ్లను చూస్తే వీధి మారే పెద్దమనుషులు, ఆ రోజు శవపేటిక చూడడానికి బారులు తీరారట.

చివరిగా ఆ చెల్లెలి పాట ఉంది కదా, ప్రతి రాఖీ పండుగకు మన వీధుల్లో మైకు పెట్టి వినిపిస్తారే, చెల్లెలి కోసం అన్న పడే ఆరాటం. అది 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' చిత్రానికి గద్దర్ వ్రాసినది. పాడినది వందేమాతరం శ్రీనివాస్. దానికి సర్కారు వారు ఉత్తమ గీత రచయితగా నంది బహుమతి ప్రకటిస్తే, గద్దర్ వద్దన్నారు. ఆ నంది బహుమతులు తర్వాత ఆగిపోయాయి. వాటి స్థానంలో తెలంగాణ ప్రభుత్వం కొత్తగా సినిమా బహుమతులు పెట్టి, 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చింది. వాటి పేరు గద్దర్ అవార్డులు. విమలగారు బడి నడుపుకుంటూ ఇల్లు నిలబెట్టిన అల్వాల్ నుంచి ఆ సభ జరిగిన చోటికి ఊరు అడ్డంగా దాటి వెళ్లాలి.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది.